అక్క కాఫీ గింజల డబ్బా

ఆదివారం పొద్దున తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం నిలబడ్డప్పుడల్లా నా సంచిలోంచి కాఫీ వాసన వస్తూ ఉంటుంది. ఎన్ని కవర్లలో చుట్టినా అంతే. పక్కన నిలబడ్డవాళ్లు అటూ ఇటూ చూస్తారు, టీ కొట్టువైపు చూస్తారు, చివరికి నా సంచి దగ్గర ఆగుతారు. కొందరు అడిగేస్తారు కూడా. కాఫీ గింజలండి, మా అక్కకి అని చెబుతాను. గింజలెందుకండి, పొడి దొరకదా అంటారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ఓపిక నాకు ఎప్పుడో పోయింది. దొరుకుతుందండి అని ఊరుకుంటాను.

ఓపిక పోవడానికి కారణం కాఫీ కాదు, బండ్లు. కొత్త జిల్లా వచ్చాక మా ఆఫీసు బాపట్లకి మారింది, ఆఫీసుతోపాటు నేనూ మారాను. ఇల్లు మాత్రం తెనాల్లోనే ఉండిపోయింది. రోజూ పొద్దున బండెక్కి బాపట్ల, సాయంత్రం బండెక్కి తెనాలి. సీటు దొరికిన రోజు పండగ. దొరకని రోజు తలుపు దగ్గర నిలబడి పొన్నూరు ఎప్పుడొస్తుందా అని చూడటం, పొన్నూరులో దిగేవాళ్లకంటే ఎక్కేవాళ్లే ఎక్కువని తెలిసి నిట్టూర్చడం. రిటైరయ్యే వయసు దగ్గరపడుతుంటే మోకాళ్లు ముందే రిటైరయ్యాయి. మిగిలేది ఒక్క ఆదివారం. అందులో వారం విడిచి వారం రేపల్లె. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదేనని మా ఆయనతో అనేదాన్ని. మరి మానెయ్యి అనేవాడు. మానలేనని ఆయనకీ తెలుసు.

రేపల్లెలో మా అక్క ఒక్కతే ఉంటుంది. నాకంటే చాలా పెద్దది. పెళ్లి చేసుకోలేదు. మిషన్ స్కూల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైంది. గుడి వెనక సందులో రెండు గదుల ఇల్లు కట్టుకుంది. మేం లూథరన్లం, మాకు గుడంటే చర్చే. ఆదివారం ఆరాధనకి ముందు పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చెప్పడం, పాటలు నేర్పడం ఇప్పటికీ అక్క పనే. ఆ సందులో సగంమంది ఆమె దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్లే. ఎవరెదురైనా వందనాలండి టీచరమ్మగారూ అంటారు.

అక్క ఇంక ఒంటరిగా ఉండగలదా లేదా అన్న మాట మా ఇంట్లో ఎప్పటినుంచో నలుగుతోంది. మా ఆయన మంచి మనిషి. ముందుగది ఖాళీగానే ఉంది, తీసుకొచ్చేద్దాం, నీకూ తిరుగుడు తప్పుతుంది అంటాడు. ఆ తిరుగుడు తప్పుతుందన్న మాట దగ్గర నాకు ప్రతిసారీ ఆశ పుట్టేది. ఒకసారి ధైర్యం చేసి అక్కతో అన్నాను. ఆమె కోప్పడలేదు. "ఇక్కడున్నంతకాలం నేను టీచరమ్మని. అక్కడికొస్తే నీ అక్కని. ఇంకొన్నాళ్లు ఉండనివ్వవే" అంది.

కాబట్టి మా ఆయనకీ నాకూ మధ్య ఒక ఒప్పందంలాంటిది ఏర్పడింది. ఎవరూ పైకి అనుకున్నది కాదు. నేను రేపల్లె నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా కాఫీ బాగుందా అని అడుగుతాడు. బాగుందండి అంటాను. అంటే అక్క బాగుందని. కాఫీ సరిగ్గా కుదిరినన్నాళ్లూ ఆమె చెయ్యీ కన్నూ బుర్రా సరిగ్గా ఉన్నట్టే. కాఫీ తప్పిన రోజు ముందుగది సర్దాలి. ఇది ఆయన లెక్క, నా లెక్క కూడా.

మా అక్క కాఫీ గురించి తెలిస్తే ఈ లెక్క వింతగా అనిపించదు. మా పేటలో మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు పొద్దున్నే గంజి తాగేవాళ్లే ఎక్కువ. కాఫీ అంటే కామందుల ఇళ్లలో మాట. మాకెలా వచ్చిందంటే, మా అమ్మ మిషన్ ఆసుపత్రి బంగళాలో వంటింటి పనికి వెళ్లేది. అక్కడి దొరసాని డాక్టరు కాఫీ గింజల్ని గింజలుగానే దాచి, తాగే ముందు మాత్రమే మరలో వేసి తిప్పించుకునేదట. ఆ తిప్పే పని అమ్మది. దొరసాని తన దేశం వెళ్లిపోతూ ఆ ఇనప మరని, గింజలు పోసే లావుపాటి గోధుమరంగు గాజు సీసాని అమ్మకిచ్చింది. వాటితోపాటు ఆ పిచ్చి కూడా ఇచ్చింది. కూలి డబ్బుల్లోంచి కాసిని గింజలు కొని, ఆ సీసాలో పోసి, బల్లకి మర బిగించి తిప్పుతుంటే పేటంతా నవ్వేది. గంజికి లేదుగానీ కాఫీ మరొచ్చిందని ఒక ముసలామె మా గుమ్మం ముందు నిలబడి మరీ అనేది. అమ్మ ఆమెకే మొదటి గ్లాసు ఇచ్చేది. తర్వాత ఆమె రోజూ వచ్చేది, అనడం మాత్రం మానలేదు.

అమ్మ పోయాక మరా సీసా అక్కకి వచ్చాయి. వాటి చట్టాలూ వచ్చాయి. గింజగా ఉన్నంతసేపే కాఫీకి ప్రాణం, పొడి చేశావా ఆ పూటకే. కొత్తగా వేయించిన గింజల్ని తెచ్చిన రోజే బిగించకూడదు, ఒక రాత్రి ఊపిరి తీసుకోనివ్వాలి, లేకపోతే లోపలి ఆవిరి మూతని తంతుంది. ఆ తర్వాత మాత్రం గాలి పోకుండా బిగించాలి. రోజువారీకి చిన్న డబ్బాలోకి తీసుకోవాలి, పెద్ద సీసాని ఊరికే తెరవకూడదు. ముసురు రోజుల్లో అసలు తెరవకూడదు. మాది సముద్రం దగ్గరి ఊరు, గాలిలోనే తడి ఉంటుంది. వేయించిన అప్పడం కంచంలోకి వచ్చేసరికి మెత్తబడే ఊళ్లో గింజ ఎన్నాళ్లు నిలుస్తుంది? నిలిచిందో లేదో తెలుసుకోవాలంటే పంటి కింద పెట్టి కొరకాలి. పటుక్కుమంటే ఉన్నట్టు. నమిలినట్టయితే పోయినట్టు.

నేను ఒకసారి తెలివిగా ఫ్రిజ్‌లో పెట్టుకోమన్నాను. అక్క నన్ను పాఠం అప్పజెప్పలేని పిల్లని చూసినట్టు చూసింది. బయటికి తీయగానే సీసాకి చెమట పడుతుంది, ఆ చెమటంతా గింజ తాగుతుంది అని చెప్పింది. పైగా కోసిపెట్టిన ఉల్లిపాయా రాత్రి పులుసూ ఉండేచోట కాఫీ గింజ ఉండకూడదట. పక్కనేముంటే ఆ వాసన పట్టేసుకుంటుంది, సావాసం సంగతి తెలిసిందేగా అనేది. అందుకే ఆమె ఇంట్లో సీసా వంటింట్లో ఉండదు. లోపలిగదిలో, ఎండ తగలని చెక్క అలమరాలో, ఆదివారపు బడి బొమ్మల అట్టల పక్కన ఉంటుంది. ఇక ఎండు రొయ్యలంటే చెప్పక్కర్లేదు. అక్కకి అవంటే ప్రాణం, వంకాయతో వండిందంటే సందు చివరిదాకా తెలుస్తుంది. కానీ వాటి డబ్బాకి వెనక వసారాలో, బయటి మేకుకి వేలాడే సంచిలోనే చోటు. కాఫీ ఉన్న గది గడప తొక్కనిచ్చేది కాదు.

అన్నిటికంటే పెద్ద చట్టం మూత. చిన్నప్పుడు అమ్మ సీసా తెరిస్తే మేమిద్దరం చెరో పక్కనుంచీ ముక్కులు పెట్టేవాళ్లం. తాగడానికి పిల్లలకి ఇచ్చేది కాదు, వాసన మాత్రం ఉచితం. నేను తల తీసేదాన్ని కాదు. అక్క నా జుట్టు పట్టుకుని వెనక్కి లాగేది. మూత పెట్టవే, ఉన్న వాసనంతా నువ్వే తాగేస్తన్నావు అనేది. ఇప్పటికీ నేను గింజలు పోస్తూ ఏదైనా మాట్లాడుతుంటే ఆమె చూపు నా మొహం మీద ఉండదు, నా చేతిలోని మూత మీద ఉంటుంది.

ఇంతకీ ఆ ఆదివారం.

వారమంతా ముసురు. ఆఫీసులో ఎవరో పెద్దాఫీసరు వస్తున్నారని శనివారం కూడా చీకటి పడేదాకా కూర్చోబెట్టారు, ఆయన రాలేదు. ఆదివారం పొద్దున కాళ్లు నేల మీద పెట్టగానే ఈసారికి మానేద్దామనిపించింది. గింజలు కొనేశాను కాబట్టి బయల్దేరాను. నిజం చెప్పాలంటే అంతే, అక్క మీద ప్రేమ పొంగిపొర్లి కాదు. కొట్టతను వేయించి పెట్టిన గింజలు ఇంట్లో ఉంటే పాడైపోతాయి, పాడైతే అక్క అడుగుతుంది. బండి వేమూరు దాటాక ఎక్కడో ఆగిపోయి చాలాసేపు కదల్లేదు. పక్క సీటు కింద ఎవరిదో చేపల బుట్ట. కిటికీలోంచి జల్లు కొడుతోంది. కిటికీ మూస్తే బుట్ట వాసన, తీస్తే వాన. అలా మూస్తూ తీస్తూ రేపల్లె చేరాను.

అక్క ఆరాధన నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా గుమ్మంలో కూర్చుని ఉంది. వచ్చావా, కాళ్లు కడుక్కో అంది. కొత్త గింజల పొట్లం తీసుకుని పక్కన పెట్టింది. ముందు ఉన్నవి అవ్వాలి కదా అంది. నేను లోపలిగదిలో మంచమ్మీద నడుం వాల్చాను. వంటింట్లోంచి మర తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వింటే నాకు ఎక్కడున్నా కళ్లు మూతపడతాయి, అమ్మ ఇంట్లో ఉన్నట్టుంటుంది. తర్వాత పాలు పెట్టిన చప్పుడు, స్టూలు జరుపుకున్న చప్పుడు. అక్క ఈమధ్య పాలు కాగేదాకా పొయ్యి ముందే స్టూలేసుకుని కూర్చుంటోంది. వయసొచ్చిందిలే, జాగ్రత్తపడుతోంది అనుకునేదాన్ని.

గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. నోటి దాకా తెచ్చి ఆగిపోయాను.

మొదట నా ముక్కునే అనుమానించాను. బండిలో చేపల బుట్ట పక్కన కూర్చున్నాను కదా, చేతులకి అంటుకుందేమోనని చేతులు వాసన చూసుకున్నాను. చీర కొంగు చూసుకున్నాను. రెండింటికీ వానవాసనే. అప్పుడు ఒక గుక్క తాగాను. ఎండు రొయ్యల పులుసులో పాలూ పంచదారా కలిపినట్టుంది. దాన్ని మింగడానికి నాకు చాలా కష్టమైంది.

అక్క ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఎప్పటిలాగే కళ్లు సగం మూసుకుని, సగం గ్లాసు తాగేసింది. "ఈసారి గింజ బాగుంది" అంది.

నాకు భయమేసింది. వానలో తడిసి వచ్చినా వెయ్యని చలి అప్పుడేసింది. ఇరవై అడుగుల దూరంలో ఎండు రొయ్యలున్నా కాఫీ పాడవుతుందనే మనిషి ఆ గ్లాసు తాగి బాగుందంటోంది. మతి తప్పుతోందా అన్నది నాకు మొదట వచ్చిన ఆలోచన. ఆ వెంటనే మా ఆయన సాయంత్రం అడగబోయే ప్రశ్న గుర్తొచ్చింది. ఆ గుర్తుతో పాటు, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, ఇంక ఈ బండి ఎక్కక్కర్లేదేమో అన్న ఊరట కూడా వచ్చింది. అది వచ్చినందుకు నా మీద నాకు ఒళ్లు మండింది. గ్లాసు అడుగుదాకా తాగేశాను.

గ్లాసులు కడిగే వంక పెట్టి వంటింట్లోకి వెళ్లాను. గట్టు మీద మర పక్కనే ఒక స్టీలు డబ్బా ఉంది. మూత గట్టిగా బిగిసి ఉంది, రెండు చేతులతో తిప్పితేగానీ రాలేదు. రాగానే గుప్పుమంది. లోపల నేను కిందటిసారి తెచ్చిన గింజలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆ డబ్బా నాకు తెలుసు. వెనక వసారాలో మేకుకి వేలాడే సంచిలోది.

అక్క నా వెనకే వచ్చింది. ఏంటి చూస్తన్నావు అంది. సీసా ఏది అని అడిగాను. చెయ్యి జారి పగిలిపోయిందని, అమ్మ వస్తువు పోయిందని నాకెలా చెప్పాలో తెలియక ఊరుకున్నానని చెప్పింది. మిగతా డబ్బాల మూతలన్నీ వదులట, ఈ ముసురులో గింజలు మెత్తబడిపోతాయట. వాసన బయటికి రాకూడదని రొయ్యల కోసం కొన్న డబ్బా కాబట్టి ఇంట్లో గాలి చొరని మూత దానికొక్కదానికే ఉందట. చింతపండూ ఉప్పూ పెట్టి తోమింది, వేణ్నీళ్లు పోసింది, కాస్త ఎండ వచ్చినప్పుడల్లా బోర్లించింది. గింజ కొరికి చూసింది, పటుక్కుమంది.

చెప్పినదంతా సబబుగానే ఉంది. మతి తప్పిన మనిషి అంత వరసగా చెప్పదు. నేను మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. అక్క నా మొహం చూసింది, డబ్బా చూసింది, మళ్లీ నా మొహం చూసింది.

"వాసనొస్తందా?" అని అడిగింది.

నేను తలూపాను. ఆమె స్టూలు మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. పిల్లల ముందు ఎప్పుడూ అలా కూర్చోదు.

ఎప్పటినుంచక్కా అన్నాను. కరోనా జ్వరం వచ్చినప్పటినుంచి అంది. అప్పుడు అందరికీ పోయింది, అందరికీ తిరిగొచ్చింది, నాకూ వస్తుందిలే అనుకున్నానంది. రోజూ పొద్దున్నే సీసా మూత తీసి ముక్కు పెట్టేదట. ఏమీ లేదట. మూత పెట్టేసేదట. మర్నాడు మళ్లీ. డాక్టరుకి కూడా చూపించుకుంది. కొందరికి రాదమ్మా అన్నాడట. అన్నేళ్లుగా ఆమె మరా సీసా డబ్బా అన్నీ అలవాటుకొద్దీ నడిపించింది. సీసా సీసాగా ఉన్నంతకాలం కాఫీ కాఫీలాగే వచ్చింది. నేను బాగుందక్కా అంటే బాగుందనుకుంది. ఈసారి మాత్రం నా మొహం చూసేదాకా ఆగకుండా ముందే అనేసింది, దొరికిపోయింది.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే ఏంజేస్తావు? మీ ఆయన్తో చెబుతావు. ఆయన మంచోడు, కారు మాట్లాడుకుని వచ్చేస్తాడు" అంది. గ్యాసు గురించే కదా నీ భయం అని తనే ఎత్తింది. సిలిండరు ఎప్పటికప్పుడు కట్టేస్తానని, కిటికీ రాత్రీ పగలూ తీసే ఉంచుతానని, పొయ్యి వెలుగుతున్నంతసేపూ స్టూలు మీంచి లేవనని చెప్పింది. వయసొచ్చి కూర్చుంటోందని నేననుకున్న స్టూలు అందుకట.

అప్పుడు నాకు కోపమొచ్చింది. భయం తగ్గగానే కోపం రావడం నాకు అలవాటే. వారమంతా నిలబడి ప్రయాణం చేసే మనిషిని, ఒక్క ఆదివారం నడుం వాల్చుకోకుండా గింజలు మోసుకొస్తున్నాను, తెనాల్లో కొట్టతను పొడి కొట్టిస్తానంటే వద్దని పోట్లాడి గింజలే తెస్తున్నాను, ఎవరి కోసం? "నీకు వాసనే తెలియనప్పుడు ఇవన్నీ నా చేత ఎందుకు మోయించావక్కా? నీకు వేడినీళ్లయినా ఒకటే కదా" అన్నాను. అన్నాక నాలిక్కరుచుకున్నాను గానీ మాట బయటికొచ్చేసింది.

అక్క నొచ్చుకోలేదు. "నాకు వేడినీళ్లే. నీకోసం పెడతన్నా" అంది. మళ్లీ తనే, "కాఫీ ఉందని వస్తావు. అది లేకపోతే ఫోను చేస్తావు" అంది.

కాదని అనడానికి నోరు తెరిచాను. పొద్దున ఆ గింజలు కొని ఉండకపోతే నేను ఆ బండి ఎక్కేదాన్ని కాదు. ఎక్కలేదని ఫోనే చేసేదాన్ని, ముసురు గదక్కా, వచ్చేవారం చూస్తాలే అని. వంటింటి గట్టుకి ఆనుకుని నేను, స్టూలు మీద ఆమె, మధ్యలో ఆ డబ్బా కంపు. ఏడుపు మాత్రం నాకే వచ్చింది. ఆమె లేచి తన చీర కొంగుతో నా మొహం తుడిచింది, బడిలో పిల్లలకి తుడిచినట్టు గట్టిగా.

తర్వాత నేను ఒక్కటే అడిగాను. గ్యాసు పొయ్యి తీసేయాలి, కరెంటు పొయ్యి పెట్టుకోవాలి. దానికి ఒప్పుకుంటే తెనాలి మాట నేనెత్తను. అక్క ఆలోచించింది. కరెంటు పోతేనో అంది. వచ్చాక తాగు అన్నాను. ఆ వేడినీళ్లకి అంత తొందరేముందిలే అని నవ్వింది. ఆ పూటకి అదే మొదటి నవ్వు.

డబ్బా అక్కడ ఉంటే మళ్లీ దేనికో వాడుతుందని గింజలతో సహా సంచిలో పెట్టుకుని వచ్చేశాను. వచ్చేటప్పుడు బండిలో ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఒకటి రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, ఏంటమ్మా అవి, రొయ్యలా అన్నాడు. కాఫీ గింజలండి అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి కిటికీ వైపు తిరిగాడు. మామూలు రోజైతే వివరం చెప్పేదాన్ని. ఆరోజు కాళ్లు ఎదురు సీటు కిందకి చాపుకుని కళ్లు మూసుకున్నాను.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తున్నాను. మా ఆయన టీవీ చూస్తున్నాడు.

"కాఫీ బాగుందా?" అన్నాడు.

సంచి నా చేతిలోనే ఉంది. బాగాలేదని ఒక్క మాటంటే చాలు, మర్నాటినుంచి ముందుగదిలో మంచం వేయడం మొదలవుతుంది. వారం విడిచి వారం రేపల్లె బండి ఉండదు. ఆదివారం మధ్యాహ్నం నేను పడుకోవచ్చు. అంత అలసటలో ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. వందనాలండి టీచరమ్మగారూ అనే ఆ సందంతా కళ్లముందుకొచ్చింది.

"బాగుందండి" అన్నాను. అక్క పెద్దదవుతోంది కదా, గ్యాసు తీసేసి కరెంటు పొయ్యి కొనిద్దాం అని కలిపాను. మంచిదే అన్నాడు ఆయన. వాసన సంగతి చెప్పలేదు. అది అక్క చెప్పాల్సిన మాట, చెప్పాలనుకున్నప్పుడు చెబుతుంది. డబ్బాని దొడ్లో పెట్టి చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాను.

ఆ తర్వాతి ఆదివారం రేపల్లె వారం కాదు. అయినా వెళ్లాను. తెనాలి బజారులో లావుపాటి గాజు సీసా వెతికి కొన్నాను, రబ్బరు పట్టీ ఉన్న మూత, అమ్మ సీసా అంత అందమైనది కాదు. కరెంటు పొయ్యి ఒక సంచి, సీసా ఒక సంచి, కిందటివారం పొట్లం ఈపాటికి మెత్తబడి ఉంటుందని కొత్త గింజలు ఇంకో సంచి. ఎవరూ లేచి సీటివ్వలేదు. మోకాళ్లు తిట్టుకుంటూ తిట్టుకుంటూ రేపల్లెలో దిగాను. అక్క నన్ను చూసి ఏంటి, ఈవారం కూడానా అంది. అంతకంటే ఏమీ అనలేదుగానీ కుర్చీ తెచ్చి వేసింది, స్టూలు కాదు.

లోపలిగదిలో అలమరా ముందు కూర్చుని గింజల్ని సీసాలో పోశాను. రాత్రే ఊపిరి తీసుకున్నాయి కాబట్టి బిగించవచ్చు. మూత చేతిలోకి తీసుకున్నాను.

"ఆగు. ఎట్టుందో చెప్పు" అంది అక్క.

ఆమె మంచమ్మీద కూర్చుని ఉంది. నేను ఆఫీసులో ఫైళ్లు రాసే మనిషిని, వాసనలు చెప్పడం నాకేం వచ్చు? సీసాలో ముక్కు పెట్టాను. వేయించిన వేరుశనక్కాయల పొట్టు అన్నాను. అడుగంటబోతుంటే దించేసిన బెల్లం పాకం అన్నాను. కొత్త గోనెసంచి కూడా కొంచెం ఉందన్నాను. అక్క కళ్లు మూసుకుంది. ఇంకా అన్నట్టు గడ్డం ఎత్తింది. ఇంకేముందా అని మళ్లీ ముక్కు పెట్టాను. అమ్మ బంగళా నుంచొచ్చి మనిద్దరి మధ్యా పడుకునేది కదక్కా, చేతులు కడుక్కున్నా పోయేది కాదు చూడు, అది అన్నాను.

అక్క కళ్లు తెరవలేదు. నా చేతిలో మూత అలాగే ఉండిపోయింది. బయట ఎవరో టీచరమ్మగారూ అని పిలిచారు, ఇద్దరం పలకలేదు.

"చాల్లే, మూత పెట్టు" అంది అక్క చివరికి. "ఉన్న వాసనంతా పోతంది."